పిల్లుల షెడ్డులో తామర

నా మెడ మీద ఇప్పుడొక లేత మచ్చ తప్ప ఏమీ లేదు. మావారి ముంజేతి మీద చారికలు కూడా చాలావరకు పోయాయి. షెడ్డులో పద్దెనిమిది పిల్లులుండాలి, పదిహేడున్నాయి. అన్నీ ఒంటినిండా బొచ్చుతో తిరుగుతున్నాయి. పద్దెనిమిదోది నావల్లే లేదు. దాని సంగతీ చెబుతాను.

ఈ నాలుగైదు నెలల్లో నాకు సలహా ఇవ్వని మనిషి లేడు. వాళ్ళలో తామరంటే ఏమిటో నిజంగా తెలిసినవాళ్ళు మాత్రం ఇద్దరే. మిగతావాళ్ళంతా తెలియని సంగతిని గట్టిగా చెప్పగలిగినవాళ్ళు. ఆ గట్టిగొంతుల మాట విన్నదాన్ని నేను. అంచేత ఇందులో ఎవరినైనా తిడితే ఆ తిట్లలో నా వాటా నాకుందని ముందే ఒప్పుకుంటున్నాను. పిల్లుల్ని సాకేవాళ్ళెవరైనా ఇది చదివి ఒక్క తప్పు మానుకున్నా నాకు చాలు.

ఆషాఢంలో మొదలైంది. మాది పలాస. మావారు మా వీధి చివర చిన్న శివాలయంలో అర్చకులు. నేను ఒక ఆఫీసులో గుమాస్తాని. ఇంటి వెనక ఒకప్పుడు జీడిపిక్కల బస్తాలు వేసుకున్న రేకుల షెడ్డుంది. ఆరేళ్ళుగా అందులో పిల్లుల్ని సాకుతున్నాను. బండి కింద పడి కాలు విరిగినవి, గోనెసంచిలో కట్టి పారేసినవి, ఇల్లు మారుతూ జనం వదిలేసిపోయినవి. మడి కట్టుకునే ఇంట్లో పిల్లులేమిటని మావారు మొదట్లో గొణిగారు. తర్వాత గొణగడం మానేశారుగాని షెడ్డు గడప మాత్రం ఏనాడూ దాటలేదు.

నాకు తోడు నూకాలమ్మ. పుట్టిల్లు డొంకూరు, ఉండేది కాశీబుగ్గ, మార్కెట్లో చేపలమ్ముతుంది. మధ్యాహ్నం బేరం ముగిశాక మిగిలిన తలలూ తోకలూ తెచ్చి, షెడ్డులోనే పొయ్యి వెలిగించి ఉడకబెట్టి, అన్నంలో కలిపి పెడుతుంది. ఆ గిన్నెలు నేను ముట్టను. నా పూజగది వైపు ఆమె రాదు. మా ఇద్దరి మధ్యా ఒప్పందం అది. ఆరేళ్ళలో ఒక్క మాట తేడా రాలేదు.

ఒక ఆదివారం వానలో కారొకటి వచ్చి ఆగింది. నున్నగా తల దువ్వుకున్న పెద్దమనిషి ఒకాయన దిగి, నాలుగు పిల్లిపిల్లలున్న అట్టపెట్టె నా చేతుల్లో పెట్టాడు. నన్నూ పెట్టెనూ కలిపి ఫోటో తీసుకున్నాడు. "మీలాంటివాళ్ళ వల్లే మేడమ్, మానవత్వం ఇంకా బతికుంది" అన్నాడు. అని, తన వంతు మానవత్వం అంతటితో అయిపోయినట్టు కారెక్కి పోయాడు. పిల్లలకి పాలు పట్టారా, ఎక్కడ దొరికాయి, తల్లేమైంది, ఒక్క ముక్క చెప్పలేదు.

వాటిలో అన్నిటికన్నా చిన్నదాని చెవి మీద రూపాయి బిళ్ళంత చోట బొచ్చు లేదు. చూశాను. తల్లి కొరికుంటుందిలే అనుకున్నాను. కొత్తగా వచ్చిన పిల్లిని కనీసం రెండు వారాలు విడిగా ఉంచాలని పశువుల డాక్టరమ్మ నాకు రెండుసార్లు చెప్పింది. ఆమె రోజూ హరిశ్చంద్రపురం నుంచి రైల్లో వస్తుంది. ఉత్తినే మాటలు పారేసే మనిషి కాదు. కానీ బయట వాన, విడిగా పెట్టడానికి చోటు లేదు, అన్నిటినీ మించి నాకు బద్ధకం. పెట్టె తీసుకెళ్ళి పద్నాలుగు పిల్లుల మధ్య దింపేశాను. అన్నిటినీ ఒకే దువ్వెనతో దువ్వాను. ఒకే గోనెపట్టాల మీద పడుకోబెట్టాను. ఆ కారు మనిషిని ఎంత తిట్టుకున్నా ఈ పని మాత్రం అతను చెయ్యలేదు.

శ్రావణం వచ్చేసరికి షెడ్డులో సగం పిల్లులకి మూతుల మీద, చెవుల మీద, ముందుకాళ్ళ మీద గుండ్రటి బోడి మచ్చలు. పొట్టు రాలుతోంది. ఆ వారంలోనే నా మెడ మీద, సరిగ్గా పుస్తెలతాడు ఒరుసుకునే చోట ఎర్రటి చుట్ట ఒకటి లేచింది. చెమట పట్టిందంటే చాలు, ఎవరో లోపల్నుంచి గీరుతున్నట్టుండేది. ఆఫీసులో పదిమంది మధ్య కూర్చుని ఫైలు చూస్తూ చెయ్యి మెడ మీదికి పోకుండా పట్టుకోవడమే ఒక ఉద్యోగమైంది. గోకితే హాయి. ఆ హాయి అయిన మరుక్షణం మంట, ఏడుపు.

మందుల షాపుకి వెళ్ళాను. కౌంటర్ వెనక కుర్చీలోంచి లేవకుండానే అతను నా మెడ వైపు రెప్పపాటు చూశాడు. "ఎలర్జీ మేడమ్. ఈ ట్యూబు రాయండి, రెండ్రోజుల్లో మాయం" అన్నాడు. అబద్ధమాడలేదు. రెండ్రోజుల్లో మాయమైంది. మూడో వారానికి అరచెయ్యంత అయి తిరిగొచ్చింది. ఈసారి చుట్టలా కూడా లేదు, అంచు తెలియకుండా పాకింది. మళ్ళీ రాశాను. మళ్ళీ మాయం, మళ్ళీ ప్రత్యక్షం. ఇంత చదువు చదివి, పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ దరఖాస్తుల్లో తప్పులు పట్టే నేను ఆ ట్యూబు మీద ఏం రాసుందో చదవలేదు. అంతలో మావారి కుడి ముంజేతి మీద రెండు మచ్చలు తేలాయి. ఆయన పిల్లుల్ని ముట్టరు. ముట్టింది నేను, ఆయన తువ్వాలు ఉతికిందీ నేనే. ఆయన చేతికీ అదే ట్యూబు రాశాను.

గుడిలో అర్చకుడి చెయ్యి అందరి కళ్ళముందూ ఉంటుంది. తీర్థం పోసేది ఆ చేత్తోనే. శ్రావణంలో ఆఖరి సోమవారం నాడు నేను మండపంలో కూర్చునున్నాను. మా వీధి ఆవిడే ఒకామె తీర్థానికి చెయ్యి చాపింది. మావారి ముంజెయ్యి చూసింది. చాపిన చేతిని జుట్టు సవరించుకోడానికన్నట్టు పైకి తీసుకుపోయింది. ఆమె వెనకావిడా అంతే. ఆ తర్వాత వరసే లేదు. ఆయన ఉద్ధరిణె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

సాయంత్రానికల్లా కమిటీ ప్రెసిడెంటు మా ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, వీధరుగు దగ్గరే నిలబడ్డాడు.

"మీ మీద గౌరవం కొద్దీ చెబుతున్నాను పంతులుగారూ. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి. దేవుడి దగ్గర శుచి ముఖ్యం కదా."

"పాతికేళ్ళుగా శుచిగానే ఉన్నారు. ఇది జబ్బు, మైల కాదు" అన్నాను నేను.

అతను నాకేసి చూడకుండా ఆయనతోనే అన్నాడు: "ముందా పిల్లుల్ని ఎక్కడైనా ఒదిలించీండి. ఆడవాళ్ళకి జాలెక్కువ, మనవే చూసుకోవాలి."

మర్నాడు పొద్దున్న పక్కూరి నుంచి ఒకాయన వచ్చి గర్భగుడి తలుపులు తీశాడు. గౌరవం అనే మాట విన్నప్పుడల్లా ఇప్పటికీ నాకు ఆ మనిషి అరుగు కింద, మా గుమ్మానికి బారెడు దూరంలో నిలబడ్డ తీరే గుర్తొస్తుంది.

మావారు నన్ను ఒక్క మాట అనలేదు. అది తిట్టుకన్నా కష్టంగా ఉండేది. వరండాలో చాప వేసుకున్నారు. తువ్వాలు వేరే తాడు మీద ఆరేసుకునేవారు. అభిషేకం వేళకి లేచి స్నానం చేసి, వెళ్ళడానికి చోటు లేక గుమ్మంలో కూర్చునేవారు. ఒకరోజు ఉండబట్టలేక "పోనీ తిట్టండి" అన్నాను.

"తిడితే తగ్గుతుందా?" అన్నారు. అంతే.

భాద్రపదంలో మా మరిది శేషు దిగాడు. జీడిపప్పు బట్టీలో సూపర్‌వైజరు. లోకంలో శేషుకి తెలియనిది లేదు.

"ఏటొదినా, తామరకి కూడా డాక్టర్లేటి! జీడితొక్క నూనె ఒక్క పూత రాస్తే దాని తాత కూడా పారిపోద్ది. పూర్వం అందరూ అదే రాసీవోరు" అన్నాడు. జేబులోంచి సీసా కూడా తీశాడు.

ఆ నూనె పడి అతని బట్టీలో ఆడవాళ్ళ వేళ్ళు నల్లబడి తోలు ఊడిపోవడం రోజూ చూస్తాడు. అయినా అది మందే అంటాడు. మావారు చెయ్యి వెనక్కి తీసుకుని "నాకొద్దు" అన్నారు. శేషు తగ్గలేదు. "సరే, ముందొక పిల్లికి రాసి చూద్దాం. తగ్గితే మీకూ నమ్మకం కుదురుద్ది."

నేను ఒప్పుకున్నాను. ఆ వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఒప్పుకోవడమే కాదు, ఆ చిన్నదాన్ని, చెవి మీద మచ్చతో వచ్చినదాన్ని, నా రెండు చేతుల్తో కదలకుండా పట్టుకున్నాను. శేషు పుల్లకి దూది చుట్టి రాశాడు. అది అరిచిన అరుపు పిల్లి అరుపులా లేదు.

మర్నాటికి చెవీ బుగ్గా నల్లబడి పొక్కిపోయాయి. అక్కడ కాలితో గీరుకుని ఆ కాలు నాకింది, నోరూ కాలింది. మధ్యాహ్నం నూకాలమ్మ వచ్చి దాన్ని చూడగానే చేతిలో బుట్ట జారవిడిచింది.

"ఏటి సేసినావమ్మా? ఎవులు రాసినారు దీనికి?"

నేను చెప్పాను. ఆమె చేపలబుట్టలో తడిగుడ్డ పరిచి, దాన్ని పడుకోబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. డాక్టరమ్మ చెయ్యగలిగిందంతా చేసింది. మూడో రోజు అది పోయింది. అప్పుడామె నాతో మెల్లగా ఒక మాట అంది.

"దీనికొచ్చింది చచ్చే జబ్బు కాదమ్మా. ఎవరూ ఏమీ చెయ్యకపోయినా బతికేది."

శేషుకి చెబితే "దాని ఆయుష్షంతే వదినా" అన్నాడు. పెద్ద వేదాంతి! ఆ రోజు నుంచి అతనికి మా ఇంట్లో కాఫీ ఇవ్వలేదు. వచ్చి కూర్చుంటే మంచినీళ్ళిస్తాను, తాగి పోతాడు. నాకు నేను ఏ శిక్ష వేసుకోవాలో మాత్రం ఇంతవరకు తెలియలేదు.

ఆ వారమే డాక్టరమ్మ షెడ్డుకొచ్చింది. తలుపులు మూయించి, ఊదారంగు వెలుగొచ్చే చిన్న దీపం ఒకటి వెలిగించి ఒక్కో పిల్లి మీదా తిప్పింది. మచ్చలున్నచోట వెంట్రుకలు పచ్చగా మెరిశాయి. భయంకరమైన సంగతి అది కాదు. ఒక్క మచ్చైనా లేని మా నల్లపోతు, నేను ఒళ్ళో పెట్టుకుని ముద్దుచేసే పిల్లి, దాని తోక మొదట్లోనూ పచ్చగా మెరిసింది. "దీనికేం లేదని దీన్నొదిలేస్తే మిగతావాటికి వైద్యం దండగ. రాలిన వెంట్రుకలో ఈ తామర నెలల తరబడి బతికుంటుంది. పిల్లులకి ఎంత చేస్తారో నేలకీ గోడలకీ అంత చెయ్యాలి" అంది.

మమ్మల్నిద్దర్నీ చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నదీ ఆమే. టెక్కలి వెళ్ళాం. డాక్టరు గది బయట రెండు బెంచీలు, ముప్ఫై మంది జనం. అందరూ మర్యాదస్తులే, అందరి చేతులూ ఎక్కడో ఒకచోట దొంగతనంగా గోకుతూనే ఉన్నాయి. సగం మంది చేతుల్లో ప్లాస్టిక్ సంచీ, అందులో మా ట్యూబే. ఊరంతా ఒకే మోసాన్ని కొనుక్కుని, పక్కవాడికి తెలియకుండా రాసుకుంటోందన్నమాట. ఆ మాటకొస్తే మావారి నుంచి చెయ్యి లాక్కున్నవాళ్ళలో ఎంతమంది ఇలాంటి బెంచీల మీద కూర్చునొచ్చారో!

బెంచీ మీద ఒకరికి చోటున్నా మావారు కూర్చోలేదు. చెయ్యి ఉత్తరీయంలో దాచుకుని గోడవారగా నిలబడ్డారు. అక్కడ కూర్చున్న ముసలాయన ఉద్దానం మనిషి, కాళ్ళు వాచున్నాయి. ఆయన జరిగి బెంచీ తట్టాడు.

"కూకోండి బాబూ."

"నాది అంటుకునే జబ్బండి" అన్నారు మావారు.

"నాది కిడ్నీల దురద బాబూ, ఎవులికీ అంటదు, నన్నొగ్గదు. ఇంత జబ్బున్నోడికి మీ తామరేటి సేత్తాది? కూకోండి."

ఆయన కూర్చున్నారు. ఇద్దరూ రెండు గంటలసేపు తుపానులకి కూలిన కొబ్బరిచెట్ల గురించి మాట్లాడుకున్నారు. గుడి మానేశాక మావారు అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆ పెద్దాయన పేరు నేను అడగలేదు.

డాక్టరు మా ట్యూబు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎవరు రాయమన్నారు?"

"షాపతను."

"అతనేం చదివాడు?"

"అడగలేదండి."

"నా డిగ్రీలు మాత్రం గోడ మీద చదివిగాని లోపలికి రారు" అన్నాడు.

నాకు కోపం రాలేదు, నిజమే కదా. అందులో ఉన్నది స్టెరాయిడట, పైకి మచ్చ అణిగి లోపల పెరగడం ఆ ట్యూబు చేసిన ఘనతేనట. వారాల తరబడి మాత్రలు వేసుకోవాలని, మచ్చ కనపడ్డం మానేసిన రోజు మందు మానేస్తే మళ్ళీ మొదటికొస్తామని, తువ్వాళ్ళూ దుప్పట్లూ వేడినీళ్ళలో విడిగా ఉతకమని చెప్పి పంపాడు.

ఆశ్వయుజమంతా స్నానాలే. డాక్టరమ్మ సున్నం, గంధకం కలిసిన మందు ఎక్కడి నుంచో తెప్పించింది. వారానికి రెండుసార్లు నీళ్ళలో కలిపి పిల్లుల ఒళ్ళంతా తడపాలి. కోడిగుడ్లు గంపెడు మురిగితే వచ్చే కంపు అది. ఆపైన తూకం చూసి ఆమె రాసిచ్చిన మాత్రలు. గోనెపట్టాలన్నీ తగలబెట్టాను. దువ్వెనలు పారేశాను. రోజూ తడిగుడ్డతో వెంట్రుకలు ఎత్తి, సబ్బునీళ్ళతో కడిగి, ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్ళు. షెడ్డుని రేకుతో రెండు గదులు చేసి, జబ్బున్నవాటి గదికి వేరే చెప్పులు, వేరే చీర.

పిల్లిని నీళ్ళలో ముంచడానికి రెండు చేతులు చాలవు, నాలుగూ చాలవు. మొదటిరోజు నూకాలమ్మా నేనూ మూడు పిల్లులకే రక్తాలోడుతూ కూలబడ్డాం. అప్పుడు గుమ్మంలో మావారు కనిపించారు. పాత చొక్కా, చేతులకి నా చింకి దుప్పటి ముక్కలు చుట్టుకుని ఉన్నారు. గడప దాటి లోపలికొచ్చారు.

"నువ్వు నీళ్ళు పొయ్యి. నేను పట్టుకుంటాను."

"మీకు మడి..."

"ఏ గుడికి కట్టుకోవాలే మడి?" అన్నారు.

ఆ మాటలో కోపముంది. నెలన్నరగా దాచుకున్న కోపం. నాకెంత ఊరటగా ఉందో చెప్పలేను. నల్లపోతు ఆయన భుజం మీద మూడు గీతలు గీసింది. నూకాలమ్మ నవ్వాపుకోలేకపోయింది.

"సేపని పట్టినట్టు అలా నొక్కీకండి పంతులుగారూ. బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకోండి."

ఆయన పట్టు సడలించారు. పోతు గింజుకోవడం మానేసింది. ఆ రోజు నుంచి పట్టుకోవడం ఆయన పనే అయింది.

దసరాకి మా గుమ్మంలోకి ఒక్క పేరంటాలు రాలేదు. వీధిలో వాళ్ళు ముక్కులు మూసుకుని మా గేటు దాటుతుంటే, వాళ్ళ ముక్కులంటే నాకు ఏమాత్రం గౌరవం లేకుండా పోయింది. పిల్లులకి కొత్త బొచ్చు మొలవగానే నా పాత బుద్ధి మళ్ళీ తలెత్తింది. "ఇంక చాలదా?" అనడిగాను. "పరీక్షకి పంపిన వెంట్రుకలు వరసగా రెండుసార్లు శుభ్రంగా రావాలి. కళ్ళని నమ్మకండి" అంది డాక్టరమ్మ. ఈసారి విన్నాను.

కార్తీకంలో రెండో పరీక్షా శుభ్రంగా వచ్చింది. టెక్కలి డాక్టరు మావారి చెయ్యి వెలుతురులో తిప్పి చూసి, ఇక ఎవరికీ అంటదని చెప్పాడు. చారికలింకా కనిపిస్తూనే ఉన్నాయి. ఆ కబురు ఎలా పాకిందోగాని, శనివారం ప్రెసిడెంటు వచ్చాడు. ఈసారి అరుగెక్కాడు.

"ఎల్లుండి కార్తీక సోమవారం. ఆ కొత్తాయన గొంతు ఎవరికీ ఆనట్లేదు. మీరొచ్చీండి పంతులుగారూ. ఉత్తరీయం కాస్త చేతి మీదికి కప్పుకుంటే సరిపోతాది."

నా నోట్లో మంచి మాటలే ఊరాయి. నేను తెరిచేలోపు మావారు అందుకున్నారు.

"కప్పుకోవలసిందేమీ లేదండి, అంటదని డాక్టరు చెప్పాడు. సోమవారం మాత్రం కుదరదు. డొంకూరులో పడవ పూజ ఒప్పుకున్నాను."

"చేపలోళ్ళ పడవకా?"

"ఔనండి. వాళ్ళు నా చెయ్యి చూసే పిలిచారు."

పాతికేళ్ళ కాపురంలో ఈయన ఎవరికైనా కాదని చెప్పడం నేనదే వినడం. తర్వాతి వారం గుడికి వెళ్ళారు, చెయ్యి కప్పుకోకుండానే. ఆ ఆడవాళ్ళందరూ ఏమీ జరగనట్టు తీర్థం పుచ్చుకున్నారట. నేనైతే వెళ్ళేదాన్ని కాదు. నాకంత పెద్దమనసు లేదు, తెచ్చుకోవాలని కూడా లేదు.

దానికి ముందు, పడవ పూజ ఉన్న ఆ సోమవారం పొద్దున్నే ఇచ్ఛాపురం దాకా రైల్లో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాం. పడవ నూకాలమ్మ అన్నది. ఒడ్డున ఇసకలో నీలంరంగు పూసి నిలబెట్టారు. మావారు పూజ మొదలెట్టే ముందు అందర్నీ పిలిచి, చెయ్యి చాపి చూపించారు. "నాకు తామరొచ్చింది. తగ్గిందని డాక్టరు చెప్పాడు. మీకెవరికైనా అనుమానముంటే ఇప్పుడే చెప్పండి, ఏమీ అనుకోను" అన్నారు.

నూకాలమ్మ అన్న తన రెండు అరచేతులూ ఎదురుగా చాపాడు. తాళ్ళు కోసిన గీతలు, ఉప్పుకి పగిలిన పుళ్ళు. "ఈ సేతుల్తోటి నాను పట్టిన సేపని ఊరంతా తింతన్నాది. మీరు కానీండి" అన్నాడు.

కొబ్బరికాయ కొట్టారు, పసుపూ కుంకుమా పెట్టారు. పడవని నీళ్ళలోకి తోస్తుంటే ఆయన కూడా ఒక చెయ్యి వేశారు. పంచె మోకాళ్ళదాకా తడిసింది. ఒడ్డుకొచ్చేసరికి నూకాలమ్మ మేనకోడలు ఎదురొచ్చి, మూడు నెలల పసిదాన్ని ఆయన చేతుల్లో పెట్టబోయింది.

"దీవించండి బాబూ, గుంటకింకా పేరెట్టనేదు."

ఆయన నాకేసి చూశారు. ఈ మూడు నెలల్లో ఆయన చేతికి ఎవరూ ఏమీ అందించలేదు. ఇంట్లో నేను కూడా కంచం కింద పెట్టి జరిపేదాన్ని. ఆ చూపులో ఆ కంచాలన్నీ ఉన్నాయి. "తీసుకోండి" అన్నాను.

తీసుకున్నారు. ఆ గుంట జంధ్యాన్ని పిడికిట్లో బిగించి నోట్లో పెట్టుకుంది. విడిపించడానికి వాళ్ళమ్మ కంగారుగా ముందుకొచ్చింది.

"ఉండనియ్యమ్మా" అన్నారు ఆయన.